ప్రామాణిక జీర

మా పాఠశాలలో ఉన్న గిటారు యాంప్లిఫయరును శాశ్వతంగా భద్రపరచాలని, భద్రపరచిన వెంటనే రోడ్డు రోలరుతో తొక్కించాలని ఉత్తర్వు వచ్చింది. మా ప్రధానోపాధ్యాయురాలు వజ్రేశ్వరిగారు దాన్ని స్టాఫ్ రూములో నిలబడి చదివారు. నేను సాంఘికశాస్త్రం చెబుతాను. రాజులు శాసనాలు ఎలా వేయించేవారో పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణే కనుక నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు.

ఉత్తర్వు శబ్ద వారసత్వ మండలి నుంచి వచ్చింది. పాత వాయిద్య పరికరాలు నానాటికీ శిథిలమవుతున్నాయి. కాబట్టి ప్రతి పాఠశాలలోని పరికరం ధ్వనిని ఒక డిజిటల్ పెట్టెకు నేర్పిస్తారు. నేర్చుకున్న పెట్టె ఇకపై ఆ పరికరంలాగే మోగుతుంది. దాన్ని ప్రతిరూపం అంటారు. ప్రతిరూపం తయారయ్యాక కూడా అసలు వస్తువు మిగిలి ఉంటే, ఏది అసలు ఏది నకలు అన్న అయోమయం ప్రజల్లో తలెత్తే ప్రమాదం ఉంది. అందుచేత అసలును బహిరంగంగా ధ్వంసం చేయాలి. దీని పేరు ద్వంద్వ నివారణ నిబంధన.

"అంటే ఫొటో తీసేసి మనిషిని లేపేస్తారన్నమాటండీ," అన్నాడు మా వ్యాయామ ఉపాధ్యాయుడు సూర్రాజు.

"సూర్రాజుగారూ, కాస్త చూసి మాట్లాడండి," అన్నారు వజ్రేశ్వరిగారు. అని, నా వైపు చూసి, చప్పున కిటికీ వైపు చూశారు. అందరూ కిటికీ వైపే చూశారు. కిటికీలో ఏమీ లేదు.

ఆ యాంప్లిఫయరు నా భార్య ఎస్తేరుది. ఆమె మా బడిలోనే సంగీతం చెప్పేది. పోయిన వానాకాలంలో చనిపోయింది. వాళ్ళ నాన్న రైల్వే క్లబ్బులో శనివారాలు గిటారు వాయించేవాడు. ఆయన తరువాత యాంప్లిఫయరు ఆమెకు వచ్చింది, ఆమె దాన్ని బడికి ఇచ్చేసింది. చెక్కపెట్టె, ముందు గుడ్డ, వెనక భాగం తెరిచి ఉంటుంది. లోపల పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు. స్విచ్చి వేసిన వెంటనే మోగదు. వాల్వులు ఎర్రబడాలి. "తొందరపెట్టకండి, దాన్ని కాఫీ తాగనివ్వండి," అనేది ఎస్తేరు.

ఒకరోజు లోపల తీగ వదులైందని ఆమె తలలోంచి పిన్ను తీసి దాంతో పొడిచింది. పిన్ను చేతిలోంచి జారి, లోపల స్పీకరు వెనకనుండే అయస్కాంతానికి అతుక్కుంది. అప్పటినుంచి గిటారు మీద లావు తీగ మీటినప్పుడల్లా స్పీకరుతోపాటు పిన్ను కూడా అదిరి, ధ్వనిలో చిన్న జీర వచ్చేది. జలుబు చేసిన మనిషి పాడినట్టు. నేను స్క్రూడ్రైవరు తెస్తానన్నాను.

"వద్దులెండి," అంది. "ఇన్నాళ్ళకి దానికి గొంతొచ్చింది."

ఆ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె పోయాక, సాయంత్రం బడి వదిలిపెట్టగానే నేను సంగీతం గదిలోకి వెళ్ళి స్విచ్చి వేసేవాణ్ణి. నాకు గిటారు రాదు. వాల్వులు ఎర్రబడేదాకా కూర్చుని, లావు తీగ ఒక్కసారి మీటేవాణ్ణి. జీర వచ్చేది. స్విచ్చి ఆపి ఇంటికి వెళ్ళేవాణ్ణి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

యాంప్లిఫయరును బడిలోనే ఉండనివ్వమని మండలికి విన్నవించుకున్నాను. భద్రపరచిన వస్తువును మళ్ళీ ఉంచుకోవాలనడం భద్రతా వ్యవస్థపై అవిశ్వాసం ప్రకటించడమేనని జవాబు వచ్చింది.

ప్రతిరూపం తీయడానికి మండలి ఉపసంచాలకులు విశ్వపతిగారు స్వయంగా వచ్చారు. ఆయన వెంట ప్రణీత్ అనే నిపుణుడు వచ్చాడు. మంచి కుర్రవాడు. నన్ను చూసి చెప్పులు బయట విడిచి మరీ గదిలోకి వచ్చాడు. యాంప్లిఫయరు ముందు మైకు నిలబెట్టి, వైర్లు కలిపి, తన పెట్టె మీట నొక్కాడు.

పెట్టె యాంప్లిఫయరులోకి వింత శబ్దాలు పంపడం మొదలుపెట్టింది. ముందు బుసకొట్టింది. తరువాత కూత వేసింది, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. ఆపైన వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చిటపటలాడింది. యాంప్లిఫయరు వాటికి ఎలా బదులిస్తుందో మైకు విని పెట్టెకు చెబుతుందట.

"దెయ్యం వదిలిస్తున్నారాండీ?" అని సూర్రాజు గుమ్మంలోంచి అడిగాడు.

"కాదండీ, క్వశ్చన్లు వేస్తున్నాం," అన్నాడు ప్రణీత్. "అది చెప్పే ఆన్సర్లన్నీ డబ్బా గుర్తుపెట్టుకుంటది. తర్వాత ఎవరేం వాయించినా, ఇదుంటే ఎలా మోగేదో అలాగే మోగుతుంది. అయితే ఒకటండీ, ఇవాళ ఇదెలా ఉందో అదే వస్తుంది. నాబులు ఎక్కడున్నాయో అక్కడే. రేపటి సంగతి దానికి తెలీదు."

"రేపు అనేది మండలి పరిధిలోకి రాదు," అన్నారు విశ్వపతిగారు.

అంతలో ప్రణీత్ లావు తీగ మీటి ముఖం చిట్లించాడు. "సార్, ఇందులో ఏదో లూజుగా ఉందండి. జీర వస్తోంది. వెనకవైపు ఒకసారి చూస్తే పోతుంది."

విశ్వపతిగారు చెయ్యెత్తారు.

"నిపుణుడా! ఉన్నదానిని ఉన్నట్లుగా గ్రహించుట మన ధర్మము. వారసత్వ ధ్వనిలో ఏది దోషమో ఏది గుణమో నిర్ణయించుటకు నీవెవరు, నేనెవరు? దానికి ఒక కమిటీ ఉన్నది."

ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించాను.

వాస్తవికతా నిర్ధారణ కమిటీ పై వారం వచ్చింది. సభ్యులు ముగ్గురు. ఒకరు తూనికలు కొలతల శాఖలో, ఒకరు మత్స్యశాఖలో పనిచేసి విరమించినవారు. మూడో ఆయన తానెవరో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పక్షపాతానికి తావు లేకుండా మధ్యలో తెర కట్టి, తెరకు ఇవతల వారిని కళ్ళకు గంతలతో కూర్చోబెట్టారు. అవతల ప్రణీత్ ఒకసారి యాంప్లిఫయరులో, ఒకసారి పెట్టెలో వాయించాలి. ఏది ఎక్కువ వాస్తవంగా ఉందో సభ్యులు చెప్పాలి.

ముందు యాంప్లిఫయరు స్విచ్చి వేశారు. అది అలవాటు ప్రకారం కాఫీ తాగుతూ ఊరుకుంది. కమిటీ ఆ నిశ్శబ్దాన్ని శ్రద్ధగా విన్నది.

"ఇది అంత సహజంగా లేదండీ," అన్నారు మత్స్యశాఖాయన.

తరువాత పెట్టె వెంటనే మోగింది. జీరతో సహా. ముగ్గురూ తలలు ఊపారు. తూనికలాయన కళ్ళు గంతల కింద తడి అయినట్టున్నాయి, గంత మార్చవలసి వచ్చింది. పెట్టె నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు వాస్తవమని, యాంప్లిఫయరు సగం మాత్రమే వాస్తవమని తీర్పు చెప్పారు. ఆ జీర ఏమిటని విశ్వపతిగారు అడిగితే, ప్రత్యేకంగా చర్చించుకుని, అది కోస్తా ప్రాంతపు ప్రాచీన వాద్య సంప్రదాయానికి చెందిన గమకమని, ఈనాడు అంతరించిపోయిందని, ఈ ఒక్క పాఠశాలలో దైవికంగా బతికి ఉందని నివేదిక ఇచ్చారు.

ఆ నివేదికతో మా యాంప్లిఫయరు దశ తిరిగింది. దాని ప్రతిరూపాన్ని మండలి ప్రామాణిక ధ్వనిగా ప్రకటించి, జిల్లాలోని బడులన్నిటికీ పెట్టెలు పంపింది. ఉదయం ప్రార్థనకు గిటారు వాయింపు కూడా అందులోనే నింపి పంపారు, ఇక అందులోంచే రావాలి. నాలుగో చరణంలో లావు తీగ ఉన్నచోట అన్ని బడుల్లోనూ జీర వచ్చింది. పెట్టె చెడిపోయిందని కొందరు ఫిర్యాదు చేశారు. "జీర ప్రామాణికము. జీర వినిపించని చెవులను వైద్యునికి చూపవలెను," అని మండలి బదులిచ్చింది.

ఇక మిగతా బడుల్లోని యాంప్లిఫయర్లను ఈ ప్రమాణంతో పోల్చి చూశారు. వాటిలో జీర లేదు. కాబట్టి అవి నకిలీవని తేలింది. నకిలీ పరికరాన్ని పాఠశాల ఆవరణలో ఉంచరాదు, రోలరు కింద వేసి దానికి అసలు వస్తువు గౌరవం కల్పించనూరాదు, ఇచ్చినవారో వారి వారసులో వెంటనే పట్టుకుపోవాలి అని నిబంధన. మా పక్క ఊరి బడిలో సంగీతం చెప్పే పరంజ్యోతిగారు అలాగే తన యాంప్లిఫయరును రిక్షాలో వేసుకుని మా గేటు ముందునుంచి వెళ్ళారు.

"ముప్ఫై ఏళ్ళు వాయించానండీ దీంతో!" అని రిక్షా ఆపి నాతో చెప్పుకున్నారు. "దొంగసరుకంట. సంతకం పెట్టించుకుని మరీ మొహాన కొట్టారు. ఇంటికి పట్టుకుపొమ్మన్నారు. ఇంతకంటే అవమానం ఉందాండీ మాస్టారూ?"

నేను ఆయన్ని ఓదార్చాను. రిక్షా మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉన్నాను. ఇంటికి పట్టుకుపొమ్మన్నారన్న మాట దగ్గర నా ఆలోచన ఆగిపోయింది.

ఈలోగా మండలి ఉత్సాహం యాంప్లిఫయర్లతో ఆగలేదు. ధ్వని చేసే ప్రతిదీ పరికరమే అని వారు నిర్వచనాన్ని విస్తరించారు. మా బడి గంటకు ప్రతిరూపం తీశారు. వారు వచ్చిన సమయానికి మా అటెండరు అప్పాయమ్మ ఇంటిగంట కొడుతోంది. అందుచేత మర్నాటినుంచి మొదటి పీరియడుకు మీట నొక్కినా ఇంటిగంటే మోగింది. పిల్లలు పుస్తకాలు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయారు. మేము ఫిర్యాదు చేస్తే విశ్వపతిగారు ఫోనులోనే పొంగిపోయారు.

"ఒక్కరైననూ సందేహించలేదా?"

"లేదండీ. పరిగెత్తారు," అన్నారు వజ్రేశ్వరిగారు.

"నూటికి నూరు పాళ్ళ వాస్తవికత! దీనిని రాష్ట్రస్థాయికి సిఫార్సు చేయుచున్నాను."

తరువాత వజ్రేశ్వరిగారి "సైలెన్స్" అన్న కేకకు ప్రతిరూపం తీశారు. ఆ రోజు ఆమెకు జలుబుగా ఉంది. పది రోజులకు జలుబు తగ్గింది. తనిఖీలో ఆమె గొంతు తన ప్రతిరూపంతో సరిపోలలేదని తేలి, సంజాయిషీ అడిగారు. అప్పటినుంచి ఆమె ప్రార్థనకు ముందు చన్నీళ్ళు తాగి, ముక్కు పట్టుకుని కేక వేస్తున్నారు.

"జలుబు తగ్గిందని మెమో ఇచ్చినోళ్ళని నేనెక్కడా చూళ్ళేదండి, ఆయ్," అన్నాడు సూర్రాజు. తరువాత గొంతు తగ్గించి, "ఏవండీ మాస్టారూ, మేడంగారి కాపీ అయిపోయింది కదా. మరి అసలు మేడంగారిని కూడా ఆ రోలరూ..." అన్నాడు.

ఇదే సందేహాన్ని ఎవరో మండలికే నేరుగా రాశారట. మనుషుల విషయంలో ద్వంద్వ నివారణ నిబంధనపై న్యాయసలహా తీసుకుంటున్నామని జవాబు వచ్చింది. ఆ వారం స్టాఫ్ రూములో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

నా పాఠానికి కూడా ప్రతిరూపం తీశారు. గోదావరి పుట్టుక గురించి చెబుతున్నాను. త్ర్యంబకం దగ్గర పుట్టి అని అనగానే పక్క గదిలో ప్రణీత్ పెట్టెను పరీక్షిస్తూ లావు తీగ మీటాడు. నేను ఆగాను. తరువాత తూర్పుకు ప్రవహిస్తుంది అని పూర్తిచేశాను. ఇప్పుడు తనిఖీకి వచ్చినవారు త్ర్యంబకం తరువాత ఆ విరామం కోసం గడియారం పట్టుకుని చూస్తున్నారు. నేను ఆగుతున్నాను. అదేమీ కష్టం కాదు.

చివరికి మా యాంప్లిఫయరును తొక్కించే రోజు నిశ్చయమైంది. ముందు తుది సారూప్య పరీక్ష, ఆ తరువాత ధ్వంసం. జిల్లాలో మొట్టమొదటి ప్రామాణిక అసలు కనుక షామియానా వేయించమన్నారు. ముందురోజే పురపాలక సంఘం రోలరు మైదానంలోకి వచ్చి నిలిచింది. డ్రైవరు దానికి పసుపు రాసి బొట్టు పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంటిగంట అయ్యాక సంగీతం గదిలోకి వెళ్ళాను. స్విచ్చి వేసి, ఎర్రబడేదాకా కూర్చున్నాను. లావు తీగ మీటాను. జీర వచ్చింది. మరోసారి మీటాను. మామూలుగా ఒక్కసారే మీటుతాను. తరువాత స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, వెనకనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చాను. అయస్కాంతం పిన్నును గట్టిగానే పట్టుకుని ఉంది. గోటితో లాగితే వచ్చింది. దాని వంపులో ఒక వెంట్రుక చుట్టుకుని ఉంది. చొక్కా జేబులో వేసుకుని గది తాళం పెట్టాను.

మర్నాడు షామియానా కింద విశ్వపతిగారు ప్రసంగించారు. నశించు వస్తువు కొరకు దుఃఖించుట అవివేకమని, నశించని ప్రతిరూపము లభించిన పిమ్మట దుఃఖమునకు హేతువు లేదని అన్నారు. కమిటీ ముగ్గురూ గంతలు కట్టుకున్నారు. వాల్వులు ఎర్రబడ్డాక ప్రణీత్ లావు తీగ మీటాడు.

ధ్వని తేటగా, గుండ్రంగా, గంభీరంగా వచ్చింది. జీర లేదు. తొలినాళ్ళలో ఎస్తేరు వాయించినప్పుడు అలాగే ఉండేది. నాకు గుర్తుకు వచ్చింది.

"ఇదేమిటి?" అన్నారు విశ్వపతిగారు. "జీర ఏది?"

ప్రణీత్ మళ్ళీ మీటాడు. పెట్టెలో మీటాడు. పెట్టెలో జీర నిక్షేపంగా ఉంది. మత్స్యశాఖాయన గంత పైకెత్తి యాంప్లిఫయరును అనుమానంగా చూశారు.

"ఇది అది కాదండీ," అన్నారు. "ఎవరో మార్చేశారు."

విశ్వపతిగారు నా దగ్గరకు వచ్చారు. "దైవసహాయం మాస్టారూ, ఈ పరికరము మీ పర్యవేక్షణలో ఉన్నది. ఇందలి యంత్రభాగమేదైనను తొలగించితిరా?"

"యంత్రభాగం ఏదీ తియ్యలేదు సార్," అన్నాను.

"యంత్రభాగమేదైనను చేర్చితిరా?"

"చేర్చలేదు సార్."

ప్రణీత్ యాంప్లిఫయరు వెనక్కి వెళ్ళి, వంగి చూసి, చాలాసేపు లేవలేదు. అయస్కాంతం మీద దుమ్ములో సన్నటి గీత ఉంటుంది. నాకు తెలుసు. అతను లేచి నా జేబు వైపు చూశాడు. "అన్నీ కరెక్టుగానే ఉన్నాయి సార్," అన్నాడు విశ్వపతిగారితో. "పార్టులన్నీ పాతవే. కానీ డబ్బాతో మాత్రం మ్యాచ్ కావట్లేదండి."

"డబ్బా తప్పయి ఉంటుందేమోనండీ," అన్నాడు సూర్రాజు సాయం చేసే ధోరణిలో.

జిల్లా అంతటా మోగుతున్న డబ్బా తప్పెలా అవుతుంది? "ప్రతిరూపము నిర్ధారితము," అన్నారు విశ్వపతిగారు. "నిర్ధారితమైనదానితో పోలనిది ఏదైననూ, అది తానేనని ఎంత వాదించిననూ, నకిలీయే. ఇచ్చినవారెవరు?"

"నా భార్య, సార్."

"ఆమెను పిలిపించుడు."

వజ్రేశ్వరిగారు, ముక్కు పట్టుకోకుండా, తన సొంత గొంతుతోనే, "ఆవిడ లేరండీ," అన్నారు.

"అట్లయిన వారసులు తక్షణము దీనిని ఆవరణ దాటించవలెను," అన్నారు విశ్వపతిగారు. మరుక్షణం ఆయన స్వరం కొంచెం మారింది. నా భుజం మీద చెయ్యి వేసి, "ఏమీ అనుకోకండి మాస్టారూ. మీ ఆవిణ్ణి ఎవరో మోసం చేసి అంటగట్టి ఉంటారు," అన్నారు.

నేను ఏమీ అనుకోలేదని చెప్పాను.

రోలరు మాత్రం వచ్చిన పనికి ఏదో ఒకటి తొక్కాలి. లేకపోతే దాని రాకను సమర్థించుకోవడం కష్టం. సూర్రాజు దాన్ని మైదానం మధ్యకు నడిపించి క్రికెట్ పిచ్ చదును చేయించుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాడు పాపం. తరువాత వచ్చి యాంప్లిఫయరును ఒక్కడే ఎత్తి ఆటోలో పెట్టాడు. "దొంగసరుకు మహా బరువుందండి," అన్నాడు.

ఇంట్లో స్విచ్చి వేశాను. కాఫీ తాగనిచ్చాను. ఇంట్లో ఉన్న ఎస్తేరు గిటారు తగిలించి లావు తీగ మీటితే తేటగా మోగింది. పిన్ను తీసి దుమ్ములో గీత ఉన్నచోటే, అదే వాలుగా అతికించాను. జీర రాలేదు. కొంచెం పైకి జరిపాను, కిందికి జరిపాను, తిప్పి పెట్టాను. అదే పిన్ను, అదే అయస్కాంతం. ఆమె చెయ్యి జారినప్పుడు ఎలా పడిందో అలా పెట్టడం నాకు చేతకాలేదు. పిన్ను అక్కడే ఉండనిచ్చి స్విచ్చి ఆపేశాను.

మర్నాడు ప్రార్థనకు పిల్లలందరూ వరుసల్లో నిలబడ్డారు. పెట్టె మోగింది. నాలుగో చరణం వచ్చింది, లావు తీగ వచ్చింది, జీర వచ్చింది. ఆ క్షణానే జిల్లాలోని బడులన్నిటిలోనూ వచ్చి ఉంటుంది. అప్పుడు గమనించాను. ఆ చోట పిల్లలు కూడా గొంతులో సన్నగా జీర పెట్టి పాడుతున్నారు. ముందు వరుసలో చిన్నపిల్లలైతే కళ్ళు మూసుకుని మరీ పెడుతున్నారు. ఎవరూ నేర్పలేదు. రోజూ వింటున్నారు కదా, పాట అంటే అలాగే ఉంటుందనుకున్నారు.

వజ్రేశ్వరిగారు చిరాకుగా, "ఏంటండీ మాస్టారూ ఆ గురగురలు? ఆపించమంటారా?" అని ముక్కు పట్టుకోబోయారు.

"వద్దులెండి మేడం," అన్నాను.